నోరు జారిన నానుడి

'సామెత లేని మాట, ఆమెత లేని ఇల్లు' అని మన పెద్దలు చెప్పుదురు. ఆమెత యనగా విందు. బంధువులు వచ్చి, విస్తళ్ళు పరచి, నలుగురు కలిసి భుజించుట ఎన్నడును లేని ఇల్లు ఎంత చిన్నబోయి కన్పించునో, సామెత దొరలని సంభాషణము అంత చిన్నబోవునని దీని భావము. అయితే నేడీ సామెతను చెప్పువారిలో ఆమెత యననేమో ఎరిగినవారు కొలదిమందియే. సామెతకు ప్రాసగా ఆమెత వచ్చినదని తక్కినవారు సరిపెట్టుకొందురు. మాట మిగిలినది, విందు మరపున పడినది.

అనంతపురము పీఠభూమిలో ఈ సామెతకు మరియొక అర్థము స్ఫురించును. నైరుతి ఋతుపవనములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమునుండి అంత దూరము వచ్చుసరికి బలహీనపడును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో కాలము గడుపు నేల యది. ఆమెతలు తరచుగా జరుగు సీమ కాదు. సామెతలకు మాత్రము అచట కరవు లేదు. పొలము గట్టున, రచ్చబండపై, సంతలో, బస్సులో, ఎచట ఇద్దరు కలిసినను మూడవ మాటగా సామెత వచ్చి కూర్చుండును. కాని నేడు మేము ముచ్చటింప దలచినది సరిగా చెప్పిన సామెతలను గూర్చి కాదు. తప్పుగా చెప్పిన సామెతలను గూర్చి.

ఈ విషయము మాకు తట్టుటకు మా తప్పే కారణము. కొన్ని ఏండ్ల క్రిందట పల్లెటూరి శ్రోతలకై వర్షాభావమును గూర్చి ఒక సంభాషణమును సిద్ధము చేయుచుంటిమి. ప్రసారమునకు ముందు ఒకసారి చదివి చూచుకొనుట మా అలవాటు. 'వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికి తెలియును?' అని చదువవలసిన చోట 'వాన పోకడ, ప్రాణము రాకడ' అని మిక్కిలి గంభీరముగా చదివితిమి. అద్దమునకు ఆవల నున్న మిత్రులు నవ్వు ఆపుకొనలేకపోయిరి. మాతోపాటు పాల్గొనుటకు కళ్యాణదుర్గము ప్రాంతమునుండి వచ్చిన ఒక వృద్ధ రైతు మాత్రము నవ్వలేదు. "తప్పేముండాది సామీ? మా పక్క వాన పోయేదే మాకు ఎరుక. అది వచ్చినప్పుడు గదా పానం వచ్చేది" అనెను. అద్దమునకు ఆవలి నవ్వు ఆగిపోయినది. ప్రసారములో సామెతను సరిగానే చదివితిమి. కాని నాటినుండి తప్పిన సామెతను విన్నప్పుడు వెంటనే దిద్దుట మాని, అది ఎందువలన తప్పెనో విచారించుట అలవాటు చేసికొంటిమి.

మా నోరు జారుటకు కారణము సులభముగానే తెలియును. మన సామెతలలో పెక్కింటికి త్రాసువలె రెండు తట్టలుండును. రాకడ, పోకడ, నుయ్యి, గొయ్యి, అడ్డాలు, గడ్డాలు. ఈ తూకమే చదువు రానివారికిని సామెతను జ్ఞాపకముంచును. ఆ తూకమే మనలను మోసగించును. రెండు తట్టల బరువును సమానమైనప్పుడు దేనిలో ఏది వేయవలెనో నాలుకకు తోచదు. 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అనువారు కొందరు. 'ముందు గొయ్యి, వెనుక నుయ్యి' అనువారు కొందరు. ఇందేది సరియని అనంతపురము రైతు నడిగిన, వివాదము తీరిపోవును. నీరెండిన నుయ్యియే గొయ్యి యని అతడు చెప్పును.

పెద్దల మాటను తప్పుగా చెప్పించి నవ్వించుట సాహిత్యములో చాల ప్రాచీనమైన విద్య. శూద్రకుని మృచ్ఛకటికములో శకారుడను పాత్ర కలదు. రాజుగారి బావమరిది. పురాణములన్నియు తనకు కరతలామలకములని అతని నమ్మకము. రావణుని చేతికి కుంతి చిక్కినట్లు వసంతసేన తనకు చిక్కినదని అతడు బెదరించును. సుభద్రను హనుమంతుడు అపహరించినట్లు తానామెను అపహరింతునని ప్రగల్భములు పలుకును. రామాయణమంతయు విని రామునికి సీత ఏమగునని అడిగినవాడు మన సామెతలో నుండగా, ఆ ప్రశ్నకు తప్పు సమాధానము చెప్పినవాడు శకారుడు. అచట ప్రేక్షకులు నవ్వునది అజ్ఞానమును చూచి మాత్రమే కాదు, అధికారము గలవాని అజ్ఞానమును చూచి. అతనిని దిద్దుటకు ఎవరికిని ధైర్యము లేదు.

స్పెయిను దేశమున సెర్వాంటెస్ 1605, 1615 సంవత్సరములలో రెండు భాగములుగా ప్రకటించిన డాన్ క్విక్సోట్ నవలలో సాంకో పాంజా యను పల్లెటూరి సేవకుడు సందర్భము ఉన్నను లేకున్నను సామెతలు గుప్పించుచుండును. యజమాని విసుగుకొని దిద్దుచుండును. ఇంగ్లీషు నాటకకర్త షెరిడన్ 1775లో ప్రదర్శింపజేసిన ది రైవల్స్ నాటకములో మాలప్రాప్ అను నామె పెద్ద పెద్ద మాటలను ఒకదానికి బదులొకటి వాడి నవ్వించును. ఇట్టి పొరపాటునకు ఆ భాషలో ఆమె పేరే స్థిరపడిపోయినది.

ఇంత దూరము పోనక్కరలేదు. అనంతపురము సీమలోనే ధర్మవరమునకు దగ్గరగా నిమ్మలకుంట యను గ్రామము కలదు. 2022లో జిల్లాలను విభజించిన పిమ్మట అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మేకతోలుపై రంగులు వేసి, రంధ్రములు పొడిచి, తెర వెనుక దీపము పెట్టి ఆడించు తోలుబొమ్మలాటకు అది ప్రసిద్ధమైన ఊరు. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. తెరపై రాముడును రావణుడును గంభీరముగా పద్యములు పాడుచుండగా, నడుమ బంగారక్క, కేతిగాడు, జుట్టుపోలిగాడు దూకి వత్తురు. పెద్ద మాటను చిన్న మాటగా విని, నీతిని బూతుగా మార్చి, నిద్రకు తూగుచున్న జనమును లేపుట వీరి పని. ఈ ఆటవారిలో పెక్కుమందికి ఇంటి భాష మరాఠీనుండి వచ్చినది. ఇంట ఒక భాష, తెరవద్ద ఒక భాష గలవారికి మాట ఎచట వంగునో, ఎచట విరుగునో బాగుగా తెలిసియుండుటలో ఆశ్చర్యము లేదు. తెలుగువారిని తెలుగు మాటలతోనే వారు తరతరములుగా నవ్వించుచు వచ్చిరి.

అయితే నవ్వించుటకై కావలెనని తప్పు చెప్పుట వేరు, తెలియక తప్పు చెప్పుట వేరు. రెండవదానికి ముఖ్యకారణ మొకటి కలదు. సామెతలోని వస్తువు మన యింటినుండి పోయినప్పుడు, సామెతలోని మాట దిక్కులేనిదై పోవును. 'ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లు' అను సామెతను చూడుడు. మంగలమనగా గింజలు వేయించు పెంకు, పగిలిన కుండ అడుగుభాగము. ఎచటనో ఆకాశమున ఉరుము ఉరుముటేమి, వంటయింటి మూల పడియున్న పెంకు పగులుటేమి? సంబంధము లేనివానిపై ఆపద వచ్చి పడుట దీని భావము. ఇంట మంగలము పోయి ఇనుప పెనము వచ్చినది. పిమ్మట సామెతలో మంగలము కొందరి నోట మంగళమైనది. మరికొందరి నోట మంగలియే అయినాడు. ఊరిలో అందరికిని క్షురకర్మ చేసికొని బ్రతుకు వానిపై ఊరకయే పిడుగు వేసిరి. సంబంధము లేనివానిపై ఆపద పడుననియే గదా సామెత చెప్పుచున్నది! తప్పు చెప్పినవారు తమ తప్పుతోనే సామెతను నిజము చేసిరి.

తెలియని మాటను తెలిసిన మాటగా మార్చుకొనుట నాలుక స్వభావము. నిజాము నవాబు 1800లో ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసినప్పుడు, దానికి ముఖ్య కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు పనిచేసెను. అతని కచేరీ అనంతపురమున నుండెను. రైతుల కష్టసుఖములు విచారించినవాడని అతనికి పేరు వచ్చినది. పిల్లలకు అతని పేరు పెట్టుకొనిరి. కాని మన్రో యనుట వారికి రుచింపలేదు, మన్రోలప్ప అనిరి. స్కాట్లండునుండి వచ్చిన దొర ఒక 'అప్ప' తగిలించుటతో రాయలసీమ బంధువైనాడు. దీనిని తప్పుచ్చారణ మనుటకు మాకు నోరు రాదు.

పల్లెవారే సామెతలను పాడుచేయుదురని పట్టణవాసులు తలచుట పొరపాటు. నిజము చెప్పవలెనన్న, చదువుకొన్న మేమే ఎక్కువ తప్పులు చేయుదుము. సంస్కృత వాక్యమును ఎత్తుకొనినచో సభకు గౌరవము కలుగునని మా నమ్మకము. 'ఆలస్యం అమృతం విషం' అని గంట ఆలస్యముగా ప్రారంభమైన సభలలో వినుచుందుము. ఆలస్యము, అమృతము, విషము అని మూడు వస్తువుల పట్టిక చదివినట్లున్నది. ఆలస్యమువలన అమృతమును విషమగునని చెప్పుటకు 'ఆలస్యాత్' అనవలెను. ఆ చిన్న తకారము లేనిచో వాక్యమునకు నడుము విరిగినది. 'జామాతా దశమో గ్రహః' అనునది మన నోట 'జామాత దశమగ్రహం' అయినది. అల్లునికి విభక్తి తప్పినను మర్యాద తప్పలేదు గనుక ఎవరును పట్టించుకొనరు.

వీటికంటె విచిత్రమైనది 'వైద్యో నారాయణో హరిః' అనునది. వైద్యుడు సాక్షాత్తు నారాయణుడని చెప్పుటకు దీనిని ఉపయోగింతుము. వైద్యశాలలలో వ్రాసియుంచుటయు కలదు. కాని ఈ ముక్కకు పూర్వమున్న శ్లోకభాగము అర్థము వేరు. శరీరము శిథిలమై వ్యాధిగ్రస్తమైన పిమ్మట గంగాజలమే ఔషధము, నారాయణుడే వైద్యుడని అందు చెప్పబడినది. అనగా, ఇక మానవ వైద్యముతో పనిలేదు, దేవుని తలచుకొనుమని! దీనిని వైద్యుని గది గోడపై చదివి రోగి ధైర్యము తెచ్చుకొనుచున్నాడన్న, అతనికి సంస్కృతము రాకపోవుటయే మేలైనది.

తప్పులలో మూడవ జాతి కలదు. అవి నోటి తప్పులు కావు. నేల చేసిన తప్పులు. నీరున్న చోట పుట్టిన సామెత నీరు లేని చోటికి ప్రయాణము చేసినప్పుడు, మాట ఒక్కటియు మారకుండగనే అర్థము తలక్రిందులగును. 'పాపి సముద్రమునకు పోయినను మోకాటిబంటి నీరే' అని సామెత. కోస్తా తీరమున ఇది దురదృష్టవంతుని గూర్చిన పరిహాసము. పెన్న, చిత్రావతి, హగరి నదులలో ఏడాదిలో అధికభాగము ఇసుకను మాత్రమే చూచువారికి మోకాటిబంటి నీరు పుణ్యాత్ములకు దక్కునది. 'ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య' అనుటయు అట్టిదే. ఓడ అక్కరలేని ఏటియొడ్డున మల్లయ్యకు మొదటినుండియు ఒకటే పేరు. తుంగభద్ర ఎగువ కాలువయు, హంద్రీ–నీవా కాలువయు వచ్చిన పిమ్మట కొన్ని తావులలో నీటిముఖము కన్పించినది గాని, ఈ సామెతలను సరిచేయునంత నీరు ఇంకను రాలేదు.

ఈ నేలలో పండిన సామెతలును కలవు. వాటిని తప్పు చెప్పినచో నవ్వి ఊరకుండుటకు వీలులేదు. 'ఉత్తర చూచి ఎత్తర గంప' అను దానిని మా బంధువుల యింటి బాలుని అర్థమడిగితిమి. చురుకైనవాడు, పట్టణమున చదువుకొనుచున్నాడు. "ఉత్తరము వచ్చినది, చదువుకొని గంప ఎత్తుకొని బయలుదేరినాడు" అని వెంటనే చెప్పెను. ఇంటిల్లిపాదియు నవ్విరి. నిజమునకు ఇచట ఉత్తర యనునది కార్తె పేరు. సెప్టెంబరు 13వ తేదీ ప్రాంతమున మొదలై రెండు వారములుండును. అనంతపురమున వానలు ఎక్కువగా కురియవలసిన నెల అదియే. జూను, జూలైలలో విత్తిన వేరుసెనగ ఊడలు దిగి కాయ ఊరుటకు ఆ తడి కావలెను. ఉత్తరయు ఎండిపోయినచో ఇక నాశ వదలి, తట్టాబుట్టా సర్దుకొని బ్రతుకుదెరువు వెదకికొనవలసినదని పెద్దలు చెప్పిన భావము.

ఇది నీతివాక్యము కాదు, గడువు. ఎంతవరకు వేచియుండవలెనో, ఏనాడు కదలవలెనో చెప్పు గడువు. అప్పు మరింత పెరుగక మునుపే, పశువుల డొక్కలు ఎండక మునుపే కదలుమని చెప్పిన తాతముత్తాతల అనుభవము ఆ నాలుగు మాటలలో నున్నది. ఉత్తర ఉత్తరమైనప్పుడు పోయినది ఒక అక్షరము కాదు, గడువు పోయినది. అయినను ఆ బాలుని అర్థమును పూర్తిగా త్రోసివేయలేకపోయితిమి. బెంగుళూరులో ఇండ్లు కట్టుచోట పనియున్నదని కబురు రాగా, ఆ కబురును చూచియే గంప ఎత్తిన కుటుంబములు ఆ సీమలో ఎన్నియో కలవు. కార్తె చెప్పవలసిన మాటను మేస్త్రీ చెప్పుచున్నాడు.

ఇట్టి మాటలను భద్రపరచవలెనని తలచినవారు లేకపోలేదు. కడపలో ఉద్యోగము చేసి వేమన పద్యములను సేకరించి 1829లో ప్రకటించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, 1852లో తన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. అందు మాటకు అర్థము చెప్పుచు సామెతలను కూడ ఉదాహరించెను. పిమ్మట కాప్టెన్ కార్ అను సైనికోద్యోగి 1868లో మద్రాసున 'ఆంధ్రలోకోక్తిచంద్రిక' యను పేర తెలుగు సామెతలను ఇంగ్లీషు అర్థముతో అచ్చువేసెను. నోటిలో నున్నవి కాగితముమీదికి వచ్చినవి. అంతవరకు ప్రతివాని సామెతయు సరియైనదే. పుస్తకము వచ్చిన తరువాతనే తప్పొప్పులు పుట్టినవి.

వేమన విషయములో ఇది స్పష్టముగా కన్పించును. కదిరి ప్రాంతమున కటారుపల్లిలో ఆయన సమాధి యున్నది. ఆయన పద్యములను ఒక ఊరివారు ఒక తీరుగను, మరియొక ఊరివారు మరియొక తీరుగను చెప్పుటచే, బ్రౌను అనేక వ్రాతప్రతులను తెప్పించి పోల్చిచూడవలసి వచ్చినది. ఆ మకుటము తగిలించిన ప్రతి పద్యమును వేమనదే యని జనము నమ్మిరి. వేమన పేర ప్రచారములో నున్నదానిని విమర్శనదృష్టితో చూచిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి ఉపన్యాసములు 1929లో గ్రంథరూపమున వెలువడినవి. ఆయనయు అనంతపురము జిల్లా రాళ్ళపల్లి గ్రామమున జన్మించినవారే.

ఆ కాలముననే అనంతపురము దత్తమండల కళాశాలలో చిలుకూరి నారాయణరావుగారు తెలుగు బోధించుచుండిరి. శ్రీకాకుళము ప్రాంతమున పుట్టి, ఈ కరవు సీమకు వచ్చి, ఇచటి మాటలను ప్రేమించినవారు. 1928 నవంబరులో నంద్యాల సభలో, ఒకరు మరొకరికి ఇచ్చివేసినదని చెప్పు 'దత్తమండలము' అను పేరునకు బదులు 'రాయలసీమ' యను పేరును సూచించినవారు వీరే. సామెతల సేకరణలో వారు చాల శ్రమపడిరి. వారి ఆంధ్రభాషాచరిత్రము 1937లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పక్షమున వెలువడినది. భాషాచరిత్రమును తెరచి చూచువారికి ఒక సత్యము బోధపడును. యాత్ర జాతరయైనది, రాత్రి రాతిరియైనది, ఆకాశము ఆకసమైనది. నిన్నటి నోరుజారుడే నేటి తద్భవము. ఒకడు తప్పు పలికిన అది తప్పు. ఊరంతయు పలికిన అది భాష.

మరి యే తప్పును భాషయని అంగీకరింపవలెను, ఏ తప్పును దిద్దవలెను? ఈ ప్రశ్నకు మాకు దొరికిన సమాధానమును ఒక్క సామెతతో చెప్పి ముగింతుము.

'కృషితో నాస్తి దుర్భిక్షం' అను వాక్యమును విననివారు మనలో లేరు. పాఠశాల గోడలమీద, సభలలో, మా ప్రసంగములలో కూడ అది పెక్కుసార్లు వినవచ్చును. ప్రయత్నముతో పనిచేసినచో లేమి యుండదని దాని అర్థమును చెప్పుకొందుము. అందున్న 'తో' మన తృతీయావిభక్తి యని తలచుదుము. అది తెలుగు 'తో' కాదు. సంస్కృతమున 'కృషితః' అనునది సంధిలో 'కృషితో' అయినది. కృషివలన నని అర్థము. ఇక కృషి యనగా ప్రయత్నము కాదు, దున్నుట, సేద్యము. సేద్యమున్న చోట కరవు లేదనుట మూలవాక్యపు భావము. చాణక్యుని పేర ప్రచారములో నున్న నీతిశ్లోకములలో దీనికి పోలిన వాక్యమున కృషికి బదులు ఉద్యోగమనియు, దుర్భిక్షమునకు బదులు దారిద్ర్యమనియు కన్పించును. మనవారు వాక్యమును పొలమునకు తెచ్చిరి. పిమ్మట అర్థమును పొలమునుండి తప్పించిరి.

వ్యాకరణములో ఇది చిన్న పొరపాటు. అనంతపురమున నిలబడి చూచిన చిన్నది కాదు. 1876లో వానలు పోయినవి. అది ధాత నామ సంవత్సరము. ధాత యనగా సృష్టించి పోషించువాడు. ఆ సంవత్సరపు పేరనే ధాత కరవని జనము దానిని పిలిచిరి. 1878 వరకు సాగిన ఆ క్షామములో మద్రాసు రాజధానిలో లక్షలమంది మరణించిరి. అన్నిటికంటె ఘోరముగా దెబ్బతిన్న జిల్లాలలో బళ్ళారి యొకటి. 1882 వరకు అనంతపురము అందులోని భాగమే. ధాత తరువాత ఈశ్వర, దాని తరువాత వచ్చినది బహుధాన్య. పంచాంగమే నోరు జారినట్లున్నది. ఆ జనము కృషి చేయనివారా? దున్నిరి, విత్తిరి, మొగము పైకెత్తి చూచిరి. కృషి యున్నది, దుర్భిక్షమును ఉన్నది.

మూలవాక్యము వానను మరచినది. అంతే దాని లోపము. మన తప్పు అర్థమునకు అంతకంటె పెద్ద లోపము కలదు. ప్రయత్నించినవానికి కరవు లేదన్నచో, కరవున పడినవాడు ప్రయత్నింపనివాడని తేలుచున్నది. ఒక విభక్తిని అపార్థము చేసికొని, ఎండిన చేనిగట్టున నిలిచిన రైతుమీద నేరము మోపుచున్నాము. ఉరుము ఉరిమి మంగలము మీద పడినట్లే.

కనుక మాకు తోచినది ఇది. నవ్వించు తప్పు నవ్వించి పోనిండు. నాలుకకు సుఖమైన తప్పు తద్భవమై నిలువనిండు. కాని గడువును చెరిపివేయు తప్పును, నిర్దోషిని నేరస్థుని చేయు తప్పును దిద్దక తప్పదు. దిద్దుట కష్టమైన పనియు కాదు. నేటి రాత్రి భోజనముల వేళ మీ యింటిలోని వృద్ధులను ఉత్తర యననేమి, మంగలమననేమి, ఆమెత యననేమి యని అడుగుడు. వారు చెప్పినది పిల్లలచేత ఒక పుస్తకములో వ్రాయింపుడు. వారును తప్పు చెప్పినచో ఆ తప్పును కూడ వ్రాయింపుడు. ఏ వస్తువు ఇంటినుండి ఎప్పుడు పోయినదో అది చెప్పును.

కళ్యాణదుర్గము పెద్దాయన మాటను మేమును అట్లే వ్రాసి పెట్టుకొంటిమి. మా కాగితములలో 'వాన రాకడ' అను సామెత క్రింద, దానిని కొట్టివేయక, 'వాన పోకడ' కూడ ఉన్నది.